ఏకు

ఫారంలో ఆరో గడి దగ్గర ఆగింది పెన్ను.
వృత్తి.
కమలానగర్ బ్యాంకులో ఫ్యాను తిరుగుతానే ఉంది,
గాలి మాత్రం కిందికి దిగదు.
"ఏం చేస్తుంటారు సార్?" కౌంటరు పిల్ల.

ఇరవయ్యారేళ్లు చేసిందంతా నోటిదాకా వచ్చింది:
మెయిన్‌ఫ్రేములు, బ్యాచి జాబులు,
రాత్రి రెండింటికి లేచి
నడుమ ఆగిపోయిన జీతాల ఫైలును
బుజ్జగించి మళ్లీ నడిపించడం.
గడి చూస్తే బొటనవేలంత.

"రిటైర్డా?"
యాభై మూడే తల్లీ.
"మరి బిజినెస్సా?"
తలూపినాను. అవుననో కాదనో నాకే తెలీదు.

బెంగళూరులో నా పేరు కూల్.
కుళ్లాయప్ప అనేదానికి నోరు తిరగక
మొదటి మేనేజరు కత్తిరించినాడు.
ఊరుకున్నాను.
పదేళ్లకు ఇంట్లో ఫోనెత్తినా
కూల్ అనే పలికినాను.

ఆఖరి మీటింగులో
నా కూతురికంటే నాలుగేళ్లు పెద్దది,
కళ్లు దించుకుని చెప్పింది
"మీ అనుభవం మాకు అమూల్యం" అని.
అమూల్యం అంటే వెల లేనిదని
లిఫ్టు మూడో అంతస్తు దాటినాక తెలిసింది.

అంతకు ముందే ఒక టూలు తెచ్చి
నా పక్కన పెట్టి పని నేర్పమన్నారు.
ఏమడిగినా మంచి ప్రశ్న అంటుంది,
నా తప్పులకు కూడా మర్యాద చేస్తుంది.
ఏకై వచ్చింది.
తక్కిన సామెత మీకు తెలిసిందే.

పాతూరు ఇంట్లో అటక మీద
నరం తెగిన విల్లొకటి ఉంది, మా నాయనది.
సందులో దాని టంయ్ టంయ్ వినబడితే చాలు
ఆడోళ్లు పాత పరుపులు విప్పి బయటేసేవాళ్లు.
ఎనభై తొమ్మిదిలో టవర్ క్లాక్ కాడ మిషను పెట్టినారు.
నాయన పోయి పొద్దుగూకేదాకా
దాని ముందర నిలబడి చూసొచ్చినాడు.
"బాగానే ఏకుతాంది రా.
దూది దాని ముక్కులోకి పోదు, అంతే తేడా."
నవ్వినాడు.
ఆ తర్వాత పన్నెండేళ్లు దగ్గినాడు.

అయినా చూడండి,
పని పోయింది గానీ పేరు పోలేదు మాకు.
నా సర్టిఫికెట్లో నేటికీ దూదేకులే.
దిండుకు గలీబు తొడగడం కూడా రాదు నాకు,
తాతల చేతిపని కాగితం మీద బతికే ఉంది.
నా పనికి అంత ఆయుష్షు లేదు.
శుక్రవారం ఐదున్నరకు
పాస్‌వర్డు చెల్లదంది.

రాత్రి పదకొండుకు ఫోను. ఎవరో సాకేత్ అంట.
"సార్, ఈ ప్రోగ్రాంలో డి.కె. అని ఉంది,
తొంభై తొమ్మిది నవంబరు.
కింద 'దీన్ని కదిలించొద్దు' అని రాసినారు.
ఎందుకు సార్?
ఉంచితే టూలు తప్పంటోంది,
తీస్తే జీతాలు ఆగిపోతున్నాయి."

మిద్దె మీదికి పోయినాను.
ఎక్కడో గుంతకల్లు బండి కూత.
తొంభై తొమ్మిది... ఆ చలి, ఆ క్యాంటీను,
పేపరు కప్పు అంచు కొరికే నా అలవాటు,
అన్నీ వచ్చినాయి.
ఆ లైను ఒక్కటే రాలేదు.
ఎంత తవ్వినా రాలేదు.
కింద నుంచి మాబున్ని కేకేసింది
ఈ యాళప్పుడు ఎవరితో అని.

"ఎందుకో నాకూ తెలీదు నాయనా.
ఆ పొద్దు తెలిసినోడే రాసుంటాడు.
ఉండనీ."
అవతల కీబోర్డు చప్పుడు కాసేపు ఆగింది.
"థాంక్యూ కూల్ సార్."
"కుళ్లాయప్ప."
"సార్?"
"కుళ్లాయప్ప అప్పా, నా పేరు."

ఇప్పుడు ఈ గడి.
వెనక ఎవరో దగ్గుతున్నారు, వరస పెరిగింది.
రాసిచ్చినాను: దూదేకుల.
పిల్ల చదివి కళ్లద్దాల మీంచి చూసింది.
"సార్, ఇది కులం. వృత్తి కాదు."
"ఒకప్పుడు వృత్తే తల్లీ."

ఆమె ఏమీ అనలేదు.
వైట్‌నర్ పూసి, నోటితో ఊది, ఆరబెట్టి
ఆ తెల్లటి మీద
గుండ్రటి అక్షరాలతో రాసింది
ఇతరములు.
చేతిరాత బాగుంది.